తాబేలు కరిస్తే వర్తించదు

అమలాపురం గడియార స్తంభం దగ్గర, జిరాక్సు షాపు మేడ మీద ఉన్న ఇన్సూరెన్సు ఆఫీసులో అంజిబాబు మూడేళ్ళుగా పని చేస్తున్నాడు. లారీలకి, ట్రాక్టర్లకి, గేదెలకి, మనుషులకి అతను రాయించిన పాలసీలు ఆరేడు వందలుంటాయి. వాటిలో ఒక్కదాన్నీ అతను పూర్తిగా చదవలేదు. కట్టినవాళ్ళూ చదవలేదు కాబట్టి ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది 2006 జూన్‌లో, జోరువానలో, గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ట్రావెల్ ఇన్సూరెన్సు కావాలండీ. ఏడాదికి," అంది.

అంజిబాబు ఆ అమ్మాయి కళ్ళలోకి చూస్తూ కుర్చీ చూపించాడు. చూపించాక గుర్తొచ్చింది.

"అయ్యయ్యో, అది కాదండీ! దాని కాలు విరిగింది."

"పాలసీ లేదా దానికి?"

అంజిబాబు నవ్వాడు. ఆమె నవ్వలేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. పేరు దుర్గాశ్రీ. ముక్తేశ్వరంలో రైసుమిల్లు గోవిందరాజులు గారి ఒక్కగానొక్క కూతురు.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"కోస్టారికా."

"కోస్తాలో ఎక్కడండీ? వైజాగ్ వైపా?"

"కొంచెం అవతల. అమెరికా ఖండాల మధ్య."

"ఓహో. చదువుకాండీ, ఉద్యోగానికాండీ?"

"రెండూ కాదు. గ్యాప్ ఇయర్."

అంజిబాబు ముఖం జాలితో నిండిపోయింది. గొంతు తగ్గించి, "ఎన్ని సబ్జెక్టులు పోయేయండీ?" అన్నాడు.

దుర్గాశ్రీ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఎమ్మెస్సీ జువాలజీలో యూనివర్సిటీ ఫస్టు నేను. పీహెచ్‌డీలో చేరేముందు ఒక ఏడాది అక్కడి బీచిలో సముద్రపు తాబేళ్ళని కాపాడే సంస్థలో పని చేస్తాను. ఇన్సూరెన్సు లేనిదే రానివ్వమన్నారు."

"జీతం ఎంతిస్తారండీ?"

"ఇవ్వరు. భోజనం పెడతారు."

ఆ చుట్టుపక్కల ఏ ఊరు తీసుకున్నా గల్ఫులో మనిషి లేని వీధి లేదు. జీతం లేకుండా విదేశానికి వెళ్ళే మనిషిని మాత్రం అంజిబాబు అప్పుడే చూడటం.

"ఇంట్లో ఒప్పుకున్నారాండీ?"

"మీ ఫారంలో ఆ కాలమ్ ఉందా?"

"లేదండీ."

"అయితే తర్వాతది అడగండి."

అంజిబాబు తర్వాతది అడగలేదు. మూడేళ్ళ అలవాటు కొద్దీ సొరుగులోంచి గులాబీరంగు కాగితం తీశాడు. "ఇవన్నీ ఎందుకండీ, మా దగ్గర ఆడపిల్లలకి పెళ్ళి పాలసీ ఉందండీ..."

"పెళ్ళి జరిగితే నష్టపరిహారం ఇస్తారా?"

గులాబీ కాగితం సొరుగులోకి వెళ్ళిపోయింది. దాని బదులు నున్నటి రంగుల పుస్తకం బయటికొచ్చింది. పేరు ప్లాటినం ప్లాను. దుర్గాశ్రీ అట్ట మీద నవ్వుతున్న కుటుంబాన్ని దాటేసి, చివరి పేజీలో చీమల బారులాంటి అక్షరాల దగ్గర ఆగింది. ఆ పేజీ ఒకటుందని అంజిబాబుకే తెలియదు.

"గరిష్ఠంగా నూట ఎనభై రోజులట. మిగతా నూట ఎనభై అయిదు రోజులూ నేను ఊపిరి బిగబట్టుకుని ఉండాలా?"

"చూస్తానండీ..."

"చిన్న పడవల్లో ప్రమాదం జరిగితే వర్తించదట. వన్యప్రాణుల వల్ల గాయమైతే వర్తించదట. అంటే, తాబేలు కరిస్తే?"

"వర్తించదండీ."

"పెంపుడు తాబేలైతే?"

అంజిబాబు నిజంగానే ఆలోచించాడు. ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

"పోతే శవాన్ని తిరిగి తెస్తారట. ఎక్కడిదాకా?"

"హైదరాబాదు ఎయిర్‌పోర్టుదాకానండీ."

"అక్కణ్ణించి అమలాపురం బస్సు నేనే ఎక్కాలా?" లేచి గొడుగు తీసుకుంటూ టేబుల్ మీదున్న పేరు పలక చూసింది. "అంజిబాబు గారూ, మీరు అమ్మేదేమిటో ఒకసారి చదవండి. చదివాక నాకు పనికొచ్చేది దొరికితే ముక్తేశ్వరం రండి."

ఆమె వెళ్ళాక బ్రాంచి మేనేజరు సత్యానందం లోపలి గదిలోంచి తల బయటపెట్టాడు. "ఏమయ్యా, కట్టిందా?"

"తిట్టిందండీ," అన్నాడు అంజిబాబు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం వెలిగిపోతోందని సత్యానందం తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

వారంరోజులు అంజిబాబు చదివాడు. తమ కంపెనీవి చదివాడు, తమది కాని కంపెనీలవి తెప్పించుకుని చదివాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాడు. చదివేకొద్దీ ఇన్నాళ్ళూ తన చేత పాలసీలు రాయించుకున్నవాళ్ళు బజారులో ఎదురైతే తలొంచుకుని నడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మోటారు సైకిలెక్కి ముక్తేశ్వరం వెళ్ళాడు.

అరుగు మీద గోవిందరాజులు గారు పేపరు చదువుతున్నారు. అంజిబాబు 'బాబాయిగారూ' అని పిలవబోయి, అలా పిలిస్తే దుర్గాశ్రీ చెల్లెలైపోతుందని తోచి, గొంతు సవరించుకుని "నమస్కారమండీ" దగ్గర ఆగిపోయాడు.

"ఇన్సూరెన్సా?" అన్నారాయన, పాము కనిపించినట్టు. "తొంభై ఆరు తుఫానుకి మావి మూడొందల కొబ్బరిచెట్లు పడ్డాయయ్యా. ఇన్సూరెన్సు సర్వేయరొకడు వచ్చేడు. చెట్లు గాలికి పడ్డాయా, నీళ్ళకి పడ్డాయా అని అడిగేడు. గాలికే అన్నాను. మీ పాలసీ నీళ్ళకండీ అన్నాడు. మా ఇంట్లో కొబ్బరినీళ్ళు తాగి మరీ చెప్పేడు."

"అన్యాయమండీ."

"నువ్వు ఏం తాగుతావు?"

"ఏం వద్దండీ."

దుర్గాశ్రీ లోపల్నించి వచ్చింది. అంజిబాబు కాగితాలు పరిచి, ఏ పాలసీ ఏ రోగానికి చేతులెత్తేస్తుందో, ఏది పడవంటే పారిపోతుందో వరసగా చెప్పాడు. ఆమె మధ్యలో ఎగతాళి చేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసేసింది. "ఇంకొక్క కంపెనీ ఉందండీ, హైదరాబాదుకి ఫోను చేసి కనుక్కోవాలి," అని అతను ముగించేసరికి కాఫీ తనే తెచ్చి ఇచ్చింది.

"చదివేరన్నమాట!"

"ఆయ్. కళ్ళద్దాలొచ్చేలా ఉన్నాయండీ."

ఈసారి ఆమె నవ్వేసింది. ఆ నవ్వు చూశాక అంజిబాబుకి కోస్టారికా అనే దేశం మీద మొదటిసారి కోపం వచ్చింది.

గేటు దగ్గర బండి తీస్తుంటే గోవిందరాజులు గారు వెనకాలే వచ్చారు. ఇందాకటి వెటకారం లేదు ఆయన గొంతులో.

"చూడు బాబూ, ఒక్కగానొక్క పిల్ల. నేను వెళ్ళొద్దంటే వెళ్ళి తీరుతుంది. వాళ్ళమ్మా అంతే, దాని పక్షమే. నువ్వు పాలసీ దొరకలేదన్నావనుకో, ఆగిపోతుంది. మిల్లు, రెండు ట్రాక్టర్లు, లారీ... అన్నిటి ఇన్సూరెన్సూ మీ ఆఫీసులోనే రాయిస్తాను. ఏవంటావు?"

అంజిబాబు సరే అనలేదు. కాదనీ అనలేదు. దారి పొడుగునా తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. ఆడపిల్ల, అంత దూరం, తండ్రి బెంగ, పైగా లారీ. అసలు కారణం ఒకటుంది. దాన్ని మాత్రం పైకి తియ్యలేదు.

సంగతి విన్న సత్యానందం కుర్చీలోంచి లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. మూడేళ్ళలో అదే మొదటిసారి.

మంగళవారం హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఏడాది మొత్తానికి పాలసీ ఉంది. చిన్న పడవలకీ వర్తిస్తుంది, వన్యప్రాణులకీ వర్తిస్తుంది. అంజిబాబు వివరాలు రాసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం దుర్గాశ్రీ వచ్చింది. వాన లేదు, గొడుగు లేదు.

"దొరికిందా?"

"కంపెనీవాళ్ళు ఒప్పుకోవట్లేదండీ," అన్నాడతను, టేబుల్ మీదున్న స్టాంపు ప్యాడుతో మాట్లాడుతున్నట్టు.

ఎగతాళి చేస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. దుర్గాశ్రీ చేతిలో ఉన్న ఫైలు మూసింది.

"పోనీలెండి. మీరైతే శ్రద్ధగా చూసేరు. ఎవరూ అంత చదవరు. థాంక్సండీ," అని లేచి మెట్లవైపు నడిచింది.

తిట్టు తినడానికి సిద్ధపడ్డవాడికి థాంక్సు మింగుడు పడలేదు. ఆమె నాలుగో మెట్టు దిగేసరికి అంజిబాబు వెనకాలే పరిగెత్తాడు.

"ఏవండీ! దొరికిందండీ. మంగళవారమే దొరికింది."

దుర్గాశ్రీ వెనక్కి తిరిగింది. "ఇవ్వాళ శుక్రవారం."

"ఆయ్."

"మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగేరా? ఎందుకు?"

"మీ నాన్నగారు లేదని చెప్పమన్నారండీ. మిల్లు, ట్రాక్టర్లు..."

"అమ్ముడుపోయేరన్నమాట!" ఆమె గొంతుకి జిరాక్సు షాపులో మెషీను ఆగింది. "లారీ ఒక్కటైతే ఎంతకి ఒప్పుకునేవారు? లారీ టైరుకి?"

"అదొక్కటే కాదండీ." అంజిబాబు రెయిలింగు పట్టుకున్నాడు. "మీరు వెళ్ళిపోతే... ఏడాది పాటు నన్ను తిట్టేవాళ్ళుండరండీ."

కింద షాపులో ఎవరో కిసుక్కుమన్నారు. దుర్గాశ్రీ ముఖం ఎర్రబడింది. కోపమో మరొకటో చెప్పడం కష్టం.

"బావుంది. ఒకాయనకి నా మీద ప్రేమ, అందుకని ఆపుతాడు. మీకు ప్రేమ, అందుకని మీరూ ఆపుతారు. నన్ను వెళ్ళనిచ్చేవాళ్ళంటూ ఉంటే శత్రువులే అయ్యుండాలి!"

అంజిబాబుకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. జేబులో కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మా కంపెనీది కాదండీ. నాకేమీ రాదు. నంబరు కింద ఉంది, మీరే మాట్లాడండి. పడవల సంగతి పధ్నాలుగో పాయింటులో ఉంది, అక్కడ సంతకం పెట్టడం మర్చిపోకండి."

"మా నాన్నతో ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తానండీ."

చెప్పాడు కూడా. అదే సాయంత్రం, అరుగు ముందు నిలబడి, ఆమె ఎదురుగానే. "లేదని అబద్ధం చెప్పేనండీ. ఉంది. మీ లారీ నాకొద్దండీ."

గోవిందరాజులు గారు పేపరు మడిచారు. గుమ్మంలో నిలబడ్డ కనకరత్నం భర్తవైపు చూసి, "కూతుర్ని మోసం చెయ్యడానికి ఏజెంటు కావల్సొచ్చేడా మీకు?" అంది. ఆయన చివరికి ప్రీమియం చెక్కు రాయడానికి పెన్ను అడిగారు.

సత్యానందం వారంరోజులు అంజిబాబుతో మాట్లాడలేదు. దుర్గాశ్రీ ఆగస్టులో విమానం ఎక్కింది. వీడ్కోలుకి అంజిబాబుని ఎవరూ పిలవలేదు.

జనవరిలో ఒక పొద్దున్న ఫోను మోగింది. గోవిందరాజులు గారు.

"బాబూ, అమ్మాయి పడవలో జారిపడిందట. చెయ్యి విరిగింది. ఆపరేషను చెయ్యాలట. ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకునేదాకా ఆస్పత్రివాళ్ళు చెయ్యమంటున్నారు. నాకేం తోచట్లేదు."

అంజిబాబు ఆ రోజు లారీలనీ గేదెలనీ పట్టించుకోలేదు. ముక్తేశ్వరం నుంచి పాలసీ నకలు తెప్పించుకుని, తన కంపెనీ కాని కంపెనీకి పదకొండు సార్లు ఫోను చేశాడు. పడవలకి వర్తించదన్న మనిషికి పధ్నాలుగో పాయింటు ఇంగ్లీషులో చదివి వినిపించాడు. ఆమె సంతకం ఎన్నో పేజీలో ఉందో చెప్పాడు. పై అధికారిని పిలవమన్నాడు. ఆ పై అధికారికీ చదివి వినిపించాడు. మధ్యాహ్నం అన్నం మాట మర్చిపోయి మాట్లాడుతున్న మనిషిని చూసి సత్యానందం తనే టీ తెప్పించి ముందు పెట్టాడు. నాలుగింటికి అనుమతి వచ్చింది. అంజిబాబు ముక్తేశ్వరానికి ఆ కబురు చెప్పి, ఫోను పెట్టేసి, టేబుల్ మీద తల వాల్చేశాడు.

పదిహేను రోజుల తర్వాత గోవిందరాజులు గారు, కనకరత్నం ఆయాసపడుతూ ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. ఆయన చేతిలో ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు తీయించిన కాగితం ఉంది.

"మా అమ్మాయి ఎడంచేత్తో మెయిలు కొట్టిందయ్యా. సగం నీ గురించే." ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "'నాన్నా, నన్ను ఆపడానికి కాదు, నేను ఎక్కడున్నా బావుండడానికి రోజంతా ఫోను పట్టుకు కూర్చున్న మనిషి ఆయన. ఆగస్టులో వస్తాను. అప్పటిదాకా ఎవరి పెళ్ళి పాలసీలకీ సంతకాలు పెట్టొద్దని చెప్పు. తర్వాత నేను పీహెచ్‌డీకి ఎక్కడికి వెళ్తే అక్కడికి వచ్చి తిట్లు తినడానికి సిద్ధమేనా, అడుగు.'"

కాగితం మడిచి, అంజిబాబు ముఖంలోకి చూశారాయన. "మా ఇద్దరికీ ఇష్టమే. అది మామూలుగా తిట్టదు. మాకు పాతికేళ్ళ అనుభవం. బాగా ఆలోచించుకుని చెప్పు."

పదకొండు ఫోన్లలో ఇంగ్లీషు దంచిన అంజిబాబు లేచి నిలబడ్డాడు, చేతులు కట్టుకున్నాడు. ఎంత వెతికినా నోటికి ఒక్క మాటే దొరికింది.

"ఆయ్, మావయ్యగారూ."