బద్రియా వేసిన ఒట్టు

ఓ ఇరవై మంది వచ్చారు. మట్టి వేశారు, ఫాతిహా చదివారు, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. పొద్దు వాలుతోంది. నజఫ్ ఖబరస్తాన్‌లో ఆ గోరీ దగ్గర బద్రియా, ఆమె తమ్ముడు జబ్బార్ మిగిలారు. జబ్బార్ గోరీలు తవ్వేవాడు. ఆ ఊళ్ళో పని దొరకదన్న బెంగ లేని వృత్తి అదొక్కటే. తాతల కాలంలో ఆ ఊరు ఇంగ్లీషు దొరల మీద లేచింది, ఉరికొయ్యలు చూసింది. పన్నెండేళ్ళ కిందట షాబాన్ నెలలో సొంత ప్రభుత్వం మీద లేచింది, ట్యాంకులు చూసింది. అప్పుడే రొట్టెలు తెస్తానని వెళ్ళిన హాతింని సైనికులు బస్సెక్కించారు. వాడికి పద్దెనిమిదేళ్ళు. బద్రియాకి ఒక్కడే కొడుకు.

ఈ వేసవిలో ఆ ప్రభుత్వం కూలింది. ఊళ్ళ బయట గుంటలు తవ్వితే బస్సులెక్కినవాళ్ళు బయటపడ్డారు. ఎముకల్ని తెల్ల సంచుల్లో కట్టి ఒక బడి ఆవరణలో వరుసగా పెట్టారు. ఒక సంచికి అటు బద్రియా, ఇటు హిల్లా నుంచి వచ్చిన ఉమ్ రియాద్, అంటే రియాద్ వాళ్ళమ్మ, చతికిలబడ్డారు. సంచిలో చొక్కా కాలరు ముక్క, దాని మీద నీలిదారం కుట్టు. ఇద్దరూ నాదే అన్నారు. నీలిదారం ఎవరింట్లో ఉండదు? బద్రియా ముడి ఎప్పుడూ లోపలికి వేస్తుంది, ఈ ముడి పైకి ఉంది. ఆ సంగతి వేళ్ళకి తెలిసింది. మనసు మాత్రం వినలేదు. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మనసుని వట్టి చేతులతో ఇంటికెళ్ళమంటే ఎందుకు వెళ్తుంది?

"అబ్బాస్ మీద ఒట్టు. వీడు నా కొడుకు" అంది.

అక్కడ దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేసేవాళ్ళున్నారు గానీ అబ్బాస్ మీద వేసేవాళ్ళు లేరు. దేవుడు క్షమిస్తాడు, యుద్ధంలో అమరుడైన ఇమాం తమ్ముడు అబ్బాస్‌కి ముక్కు మీద కోపం. ఉమ్ రియాద్ సంచి మీద నుంచి చెయ్యి తీసేసి, తీసుకెళ్ళమ్మా అని లేచిపోయింది.

ఇప్పుడు గోరీ దగ్గర తల్ఖీన్ చదవాలి. కాసేపట్లో దేవదూతలు గోరీలోకొచ్చి ప్రశ్నలడుగుతారు, పోయినవాడు కంగారుపడకుండా జవాబులు గుర్తుచెయ్యాలి. పిలిచేది తల్లి పేరుతోనే. తండ్రి లేడు కనక బద్రియాయే కూర్చుని మట్టి మీద అరచెయ్యి పెట్టింది. ఇంకా తడిగా ఉంది. పైన గులాబీ నీళ్ళ వాసన, దాని అడుగు నుంచి ముక్కిపోయిన బట్ట వాసన.

"బద్రియా కొడుకు హాతిం... విన్నావా?"

గాలి ఆగిపోయింది. చేతి కింద మట్టి మెల్లగా కదిలింది...

"కాదు..."

కుర్రాడి గొంతు. జబ్బార్ చేతిలోంచి పార జారిపోయింది. అక్కా, లే పోదాం అని గుసగుసగా బతిమాలాడు. ఆమె లేవలేదు. మళ్ళీ పిలిచింది.

"కాదమ్మా... వాళ్ళొచ్చేశారు. మీ అమ్మెవరని అడుగుతున్నారు. నాకు గుర్తు రావడం లేదు... నువ్వు చెప్పు."

ఉమ్ రియాద్ అసలు పేరేమిటో బద్రియా అడగనే లేదు. తన కొడుకు దొరకలేదన్న దుఃఖం ఒకటి, పరాయి బిడ్డని చచ్చాక కూడా అనాథని చేశానన్న దుఃఖం ఒకటి. రెండూ కలిసి ఆమెని అక్కడే కూలదోశాయి.

మర్నాడు హిల్లా వెళ్ళి కాళ్ళ మీద పడబోతే ఉమ్ రియాద్ పట్టుకుంది.

"ఆ ముడి నాదేనని తెలుసు" అంది. "నేనూ ఒట్టేస్తే అబ్బాస్ నిన్నేం చేస్తాడోనని లేచిపోయాను. పిచ్చిదానా, వట్టి చేతులతో పన్నెండేళ్ళు నేనూ ఉన్నానుగా."

ఆమె పేరు నజీహా. ఆ పొద్దు వాలే వేళకే ఇద్దరూ గోరీ దగ్గరికొచ్చారు.

"నజీహా కొడుకు రియాద్... విన్నావా?"

"విన్నానమ్మా."

నజీహా మట్టిని కావలించుకుని ఏడ్చింది. బద్రియాకి ఏడుపొచ్చింది. అసూయ కూడా కలిగింది, దాచేదేముంది. చివరికి నజీహాయే తలెత్తి, నువ్వూ పిలవమంది, ఎక్కడున్నా వింటాడంది.

ఎవరూ అడగని సంచుల్ని అంకెలు వేసి ఆ పక్కనే పూడ్చారు. చీకట్లో ఆ వరుసలు ఎక్కడిదాకా ఉన్నాయో కనపడలేదు. బద్రియా లేచి నిలబడింది.

"బద్రియా కొడుకు హాతిం... విన్నావా?"

దూరంగా ఎక్కడ్నుంచో...

"విన్నానమ్మా."

అటు పరిగెత్తబోయింది. ఎడమ పక్క నుంచి ఇంకొకటి. "విన్నానమ్మా." వెనక నుంచి... మళ్ళీ దూరం నుంచి... ఒకరి తర్వాత ఒకరు. అందరూ కుర్రాళ్ళే. పన్నెండేళ్ళుగా ఏ తల్లీ పిలవనివాళ్ళు.

ఎటు వెళ్ళాలి? బద్రియా ఒక్కో గొంతుకీ చెవి పెట్టి వింది. హాతిం గొంతు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఆమె నిలబడ్డ చోట, జబ్బార్ ఇంకా పార వెయ్యని గట్టినేల కింద నుంచి కూడా ఎవరో పలికారు.