ప్రొద్దుటూరు రైలుకు డబ్బు ఎవరిస్తారు?

1958లో ప్రొద్దుటూరుకు రైలు కావాలని ఊరి పెద్దలు ఒక కమిటీ కట్టారు. ఎర్రగుంట్ల నుంచి చిన్న లైను వేయిస్తే చాలన్నది వాళ్ల కోరిక. కమిటీ గుమాస్తా జమాల్‌ను ఎర్రగుంట్ల బస్సెక్కించి, రోజుకెంతమంది ప్రయాణం చేస్తున్నారో రాసుకు రమ్మన్నారు.

మూడో రోజు ఆడవాళ్ల సీట్లోంచి ఒక గొంతు లేచింది.

"ఏందప్పా, మా మొగాలు చూసి ఏం రాసుకుంటాండావు?"

"మొగాలు కాదు, తలకాయలు లెక్కబెడతాండా. రైలు కోసరం."

"అట్లయితే నన్ను ఇద్దరని రాసుకో. మా అమ్మ నన్ను ఇద్దరి పెట్టు అంటాది."

బస్సంతా నవ్వింది. జమాల్ కంగారులో నిజంగానే ఇద్దరని రాశాడు.

ఆమె పేరు ఖమ్రున్నీసా. ఎర్రగుంట్ల బడిలో పంతులమ్మ. బస్సు ఆమె నాన్న కమాల్ బాషాదే. రైలొస్తే ఆ బస్సుకు గిరాకీ ఉండదు. అందుకేనేమో, రోజూ జమాల్ లెక్క చెడగొట్టేది.

"ఇప్పుడెక్కిన మేకను రాసుకున్యావా?"

ఆమె రాని సోమవారం లెక్క సరిగ్గా కుదిరింది. జమాల్‌కే ఏదీ కుదరలేదు.

నెలాఖరుకు రైల్వే వాళ్ల నుంచి జాబు వచ్చింది. ఖర్చులో మూడో వంతు ఊరు భరిస్తే ఆలోచిస్తామని దాని సారాంశం. వెంటనే మీటింగ్ పెట్టారు.

"టికెట్టు మీద ఇంకో అణా ఏస్తే సరి," అన్నాడు బంగారు అంగడి చెన్నకేశవులు.

"కూలోళ్లు రైలెక్కొద్దా? అంగళ్ల మీద పన్నెయ్యండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"రైలెక్కనోడు ఎందుకియ్యాల?" అని బట్టల వ్యాపారి బదరీనారాయణ లేచాడు.

గొడవ ముదిరింది. అప్పుడు ఆడవాళ్ల వైపు ఖమ్రున్నీసా ముసుగు సర్దుకుంటూ నిలబడింది.

"స్టేషన్ వస్తే పక్కనుండే సేన్ల ధర పదింతలైతాది. ఏమీ చెయ్యకుండానే లాభం వాళ్లకు. పెరిగినదాంట్లో సగం వాళ్లనే ఇయ్యమనండి."

చప్పట్లు మోగాయి. సేన్లెవరివో చదవమన్నారు. జమాల్ స్టేషన్ స్థలం మ్యాపు విప్పి, ఒక పేరు దగ్గర వేలు ఆపాడు.

"చదువప్పా!"

"పద్నాలుగెకరాలు... కమాల్ బాషా సాబువి."

అందరూ ఆయన వైపు తిరిగారు. కమాల్ బాషా కూతురి వంక చూశాడు.

"బస్సూ పాయె, సేనూ పాయె! ఎట్లాంటి బిడ్డను కంటినప్పా!" అని పకపకా నవ్వాడు. "రాసుకోండి. ఇస్తా."

మీటింగ్ ముగిశాక జమాల్ బస్సు దగ్గర ఖమ్రున్నీసాను పట్టుకున్నాడు.

"సేను మీదేనని నీకు తెలీదా?"

"తెలిసే చెప్తి."

"మీకే నష్టం గదా! రైలంటే నీకు పడదు గదా?"

"లెక్క చెడగొట్టింది రైలు మీద కోపంతో కాదులే. లెక్క అయిపోతే నువ్వు బస్సెక్కవని." ఆమె చూపు దించింది. "రైలొస్తే నీకు స్టేషన్‌లో ఉద్యోగమిస్తారంట. ఉద్యోగమొస్తే మా నాయన కాదనడు."

 జమాల్ బదులిచ్చేలోగా బస్సు అవతలి నుంచి కమాల్ బాషా గొంతు వినిపించింది.

"రైలొచ్చేదాకా ఆగితే మీ పెండ్లి పత్రికలు మీ మనమళ్లు పంచాల్సొస్తాది. ఏం జమాలూ, ఆదివారం మీ అమ్మను తోడుకోని రా. మాట్లాడుకుందాం."

బస్సంతటినీ నవ్వించే ఖమ్రున్నీసా ముసుగులో మొగం దాచుకొని గబగబా బస్సెక్కింది.