బెట్ట చాలు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కోడలు వెనక గుమ్మంలో కూర్చుంది. ఎదురుగా రెండెకరాల బత్తాయి తోట. ఆకులు దోనెల్లా ముడుచుకుపోయాయి. చెట్ల కింద రాలిన ఆకు నిన్నటికంటే ఇంకా ఎక్కువ ఉంది. అది కళ్ళారా చూస్తూ కూడా తీరిగ్గా కాఫీ తాగుతోందంటే చూసేవాళ్ళకి ఒళ్ళు మండకేం చేస్తుంది? అత్తగారికి మండింది. కానీ కోడలు అప్పటికి పలకరిస్తే కరిచేలా ఉంది కాబట్టి, పళ్ళ బిగువున ఊరుకున్నారు.

బత్తాయికి పూత ఒక్కసారిగా రావాలంటే నెలా, నెలన్నరపాటు నీళ్ళు ఆపేసి చెట్టుని వాడనివ్వాలి. దాన్నే బెట్ట అంటారు. ఆకు నాలుగో వంతు రాలగానే బెట్ట చాలించి, పాదు తవ్వి, ఎరువు వేసి, తేలికగా ఒక తడి ఇస్తే, మూడు వారాల్లో తోటంతా తెల్లగా పూస్తుంది. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా చెట్టు ఓర్చుకుంటుంది. పన్నెండు రోజులంటే ఓర్చుకోదు, కొమ్మలు చివరినుంచి ఎండుతాయి. ఇదంతా కోడలికి తెలియక కాదు. ఎరువుల కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి, ఏ చెట్టుకి ఏం తక్కువైందో ఆకు రంగు చూసి చెప్పేస్తుంది. పశువుల ఎరువులో వేపపిండి కలిపి, పట్టా కప్పి ఎప్పుడో సిద్ధంగా ఉంచింది కూడా.

అసలు ఇంట్లో నిప్పు రాజుకున్నదే ఎరువు దగ్గర. నాలుగు నెలల కిందట కోడలి భర్త తొందరలో, కొత్తగా నాటిన నలభై మొక్కలకి ఎరువు కాండం మొదట్లోనే కుప్పగా పోసేశాడు. వెయ్యాల్సింది కొమ్మల నీడ ఎంతవరకు పడితే అంత దూరంలో. ఎరువు పీల్చే వేళ్ళు ఉండేది ఆ అంచునే. వారం తిరిగేసరికి మొక్కలన్నీ మాడిపోయాయి. అతను తప్పు ఒప్పుకుందామని నోరు తెరిచేలోపే, "మీ చేతికి ఎరువు బస్తా ఇవ్వడమూ తోటకి నిప్పు పెట్టడమూ ఒకటే" అనేసింది, కూలీలందరి ముందూ. కూలీలు నవ్వారు. అతను నవ్వలేదు. మర్నాడే బట్టలు సర్దుకుని, ఎక్కడో దూరాన ఒక నర్సరీలో అంట్లు కట్టే పనికి వెళ్ళిపోయాడు. అంటు కట్టడంలో అతని చేతికి తిరుగులేదు. ఆ సంగతి ఆవిడా ఒప్పుకుంటుంది. అతనితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆదివారం ఆదివారం అతను తల్లికి ఫోన్ చేస్తాడు. భార్యకి చెయ్యడు, ఆవిడా చెయ్యదు. కానీ ఆ వేళకి కోడలికి సరిగ్గా అత్తగారి గదిలోనే పని తగులుతుంది. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతూ ఉంటుంది. అత్తగారు "ఆఁ, ఆఁ, అలాగే నాయనా" అని పెట్టేసి, "బాగానే ఉన్నాడట" అంటారు. అంతకుమించి అడగడానికి కోడలికి మొహం చెల్లదు. అతను విడిచి వెళ్ళిన చొక్కా ఒకటి తలుపు వెనక వేలాడుతోంది. దాన్ని ఉతికేస్తే అందులో అతని వాసన పోతుందని నాలుగు నెలలుగా దాన్ని ముట్టుకోలేదు.

అలాంటిది, పన్నెండు రోజుల కిందట అత్తగారు ఫోన్ పెట్టేస్తూ, "బెట్ట ఇంక చాలట. నీకు చెప్పమన్నాడు" అన్నారు. కోడలి మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళకి తనకంటూ పంపిన మొదటి కబురు చెట్ల గురించా? మోటారు గది తాళంచెవి బీరువాలో పడేసి కూర్చుంది. మరుసటి ఆదివారం అతని దగ్గర్నుంచి ఫోనే రాలేదు.

ఇవాళ మాత్రం అత్తగారు రాలిన ఆకులు గుప్పెడు తెచ్చి కోడలి ముందు పోశారు.

"వాడి మీద కోపం వాడి మీద చూపించుకో. చెట్లు ఏం చేశాయమ్మాయ్?"

"చెట్ల మీద అంత బెంగ ఉన్నవాళ్ళు ఇక్కడే ఉండాల్సింది" అంది కోడలు. అని ఊరుకుంటే బాగుండేది. లోపల అన్నాళ్ళుగా ఉన్నది ఒక్కసారి బయటికొచ్చింది. "నాలుగు నెలలత్తయ్యా. 'అది ఎలా ఉంది' అని ఒక్కసారన్నా అడిగారా మీ అబ్బాయి?"

"అడిగే ఉంటాడు."

కోడలు తలెత్తింది. "ఉంటాడేమిటి? మాట్లాడింది మీరేగా. అడిగారా, లేదా?"

అత్తగారు స్తంభానికి ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చున్నారు.  ఏడాదిగా ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడి చెవి కూడా దగ్గరగా చెబితే తప్ప పట్టదనీ, ఫోన్లో అయితే పదింట్లో ఒక మాట దొరికితే గొప్పనీ చెప్పారు. చెవిటిదని ఓ మూల కూర్చోబెడతారేమోనని చెప్పలేదట. "వాడి గొంతు గొణుగుడులా వినపడేది. అదే చాలనుకున్నాను. మొన్న బెట్ట అన్న మాటొక్కటి చెవిన పడింది. నీళ్ళు పెట్టమంటున్నాడని నేనే అనుకున్నాను."

కోడలు చివ్వున లేచింది. ఫోన్ తీసి, నాలుగు నెలలుగా నొక్కని నంబరు నొక్కింది. రెండో మోతకే అతను ఎత్తాడు. 

"అత్తయ్యతో మీరు చెప్పమన్నది బెట్ట చాలనేనా?" అందావిడ.

"బెట్ట ఏమిటి? బెట్టు. 'దానిదీ నాదీ ఇంక బెట్టు చాలమ్మా, అది రమ్మంటే ఆ పూటే వచ్చేస్తానని చెప్పు' అన్నాను. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను అక్కర్లేదనుకున్నాను."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జరిగిందంతా చెప్పింది. ఆకు సగం రాలిపోయిందని కూడా చెప్పింది.

"సగమా? ముందు మోటారు వెయ్యి."

"ముందు మీరు వస్తున్నారో లేదో చెప్పండి."

"వస్తున్నాను. సాయంత్రం బండికే. తేలిక తడి ఇవ్వు, ఒకేసారి ముంచెయ్యకు. ఎరువు సంగతి..."

"మీరొచ్చాక మీ చేత్తోనే వేద్దురుగాని" అందావిడ. 

మోటారు వేసి, కాలవ గట్టు మీద అత్తగారి పక్కన కూర్చుంది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, అతను లైన్లోనే ఉన్నాడు. అత్తగారు ఫోన్ వైపు ఆశగా చూశారు.

"నాలుగు నెలలు నా కొడుకు ఏం చెప్పాడో నాకు తెలియదు. మొదటి ఆదివారంనుంచీ మళ్ళీ చెప్పమను. నువ్వు విని నా చెవిలో వెయ్యి."

అతను సిగ్గుపడ్డాడు. తల్లి కోరిందని తెలిసి మొదలుపెట్టాడు. కోడలు అత్తగారి కుడివైపుకి జరిగింది.

"మొదటి వారం, 'అది వేళకి తింటోందా' అని అడిగారట."

"అదంటే ఎవరు?"

"నేనే అత్తయ్యా."

అత్తగారు తలూపారు. "రెండో వారం?"

"'ఎండలో తిరిగితే దానికి తలనొప్పి వస్తుంది, గొడుగు తీసుకెళ్ళమను' అన్నారట. మూడో వారం, తప్పు తనదే అన్నారట. నాలుగో వారం..." కోడలు మిగతాది గొణిగేసింది.

"గట్టిగా చెప్పమ్మాయ్. ఈ మోటారు మోతలో ఏం వినపడి చస్తుంది?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. రెండు వరసల అవతల పాదులు సరిచేస్తున్న కూలీలు పని ఆపి ఇటే చూస్తున్నారు. చూస్తే చూశారనుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, ఆవిడ అందరికీ వినపడేలా అరిచింది.

"'అది లేకుండా నాకు ఇక్కడ ఏమీ తోచడం లేదమ్మా' అన్నారట!"