వదిలేసిన వ్యాసం

గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించమని బోర్డులు పెట్టే కాలం పోయింది. 2091 నాటికి భీమిలి తీరంలోని లవణసేద్య పరిశోధన సంస్థలో అన్నిటికంటే గోలగా ఉండే చోటు గ్రంథాలయమే. అక్కడ పరిశోధక విద్యార్థులు వ్యాసాలను చదివి ఊరుకోరు, వాటితో వాదనకు దిగుతారు.

ఆ వీలు కల్పించింది వ్యాసవాణి అనే వ్యవస్థ. శాస్త్రవేత్త తన వ్యాసాన్ని పత్రికకు సమర్పించే రోజున తలకు ఒక పట్టీ కట్టి, అప్పటికి మెదడులో ఉన్న జ్ఞాపకాలన్నిటికీ అచ్చు తీస్తారు. దాన్ని స్మృతిముద్ర అంటారు. వ్యాసంతో పాటే భద్రమై, ఎవరు వచ్చి అడిగినా ఆనాటి గొంతుతోనే జవాబు చెబుతుంది. అడగనిది చెప్పదు. అడిగింది దాచదు, ఎందుకంటే పరువు కోసం మాట మార్చే తెలివి ఆ పట్టీకి చిక్కదు. ఈ సంగతి తెలిసీ అందరూ ముద్ర ఇస్తూనే ఉన్నారు. అది లేనిదే ఏ పత్రికా వ్యాసం తీసుకోదు. పైగా తనని ఎవరూ అంత లోతుగా అడగరని ప్రతివాళ్లకీ ఓ ధీమా.

చైత్రిక పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది, ఉప్పునీటి వరి మీద అంతవరకూ జరిగిన పరిశోధనలను సమీక్షించి కమిటీ ముందు పెట్టింది. ఆమె గైడ్ ప్రొఫెసర్ కోదండపాణి నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేశాడు.

"చదవలేదమ్మా నువ్వు. ఏరుకొచ్చావ్," అన్నాడు అందరి ముందూ. "ప్రతి వ్యాసాన్నీ ఏం కనిపెట్టావని అడిగావ్. ఏం వదిలేశావని ఒక్కదాన్నైనా అడిగావా? అది చివరి ప్రశ్న. అది అడక్కపోతే సమీక్ష ఎలా అవుద్ది?"

కమిటీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చెప్పింది నిజమేనని చైత్రికకు తెలుసు, అందుకే ఒళ్లు ఇంకా మండింది. సరే, అడుగుతాను, మొట్టమొదట నిన్నే అడుగుతాను అనుకుంది.

ఆయనకు పేరు తెచ్చిపెట్టిన పాత వ్యాసాన్ని తెరిచింది. కుర్ర కోదండపాణి గొంతు హుషారుగా పలకరించింది.

"మీరేం వదిలేశారు సార్?"

"సువర్చల ప్రయోగాన్ని," అంది గొంతు, తడుముకోకుండా. "నా వరి రెండుసార్లు బాగానే పండుతుందనీ, మూడో పంటకి అన్నీ తాలు గింజలేననీ ఆవిడ తేల్చింది. సెమినార్లో నన్ను నవ్వులపాలు చేసింది. అందుకే ఆవిడ పేరెత్తలేదు. నేనెత్తకపోతే ఇంకెవరూ ఆవిణ్ణి చదవరు."

చైత్రికకు కడుపు నిండినట్టయింది. ఆ మాటలను పొల్లుపోకుండా తన కొత్త సమీక్షలో పెట్టింది. కమిటీ చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కోదండపాణి ఆమె వైపు చూసి, "అన్నీ చూశావా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

"అన్నీ చూశాను సార్," అంది ఆమె, ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ.

ఆయన ఆ నెలలోనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు పోయాడు కూడా. ఆ సమీక్షను పత్రికకు సమర్పిస్తూ ముద్ర కోసం తలకు పట్టీ కట్టించుకున్న రోజున చైత్రిక మనసులో బెరుకన్నది లేదు. కసి తీరిన సంతోషమే నిండుగా ఉంది.

ఏళ్లు గడిచాయి. కోదండపాణి కుర్చీలో ఇప్పుడు చైత్రిక కూర్చుంటోంది. వ్యాసాలను ఏమేం అడగాలో విద్యార్థులకు ఓపిగ్గా నేర్పుతుంది, ఆ చివరి ప్రశ్న ఒక్కటి తప్ప. కొత్తగా చేరిన వైజయంతి తన సమీక్ష తెచ్చినప్పుడు, "చదవలేదు నువ్వు. ఏరుకొచ్చావ్," అన్న మాట కమిటీ ముందు ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ పిల్ల మొహం మాడిపోయింది.

తర్వాతి వారం వైజయంతి గదిలోకి వచ్చి నిలబడింది.

"మీ వ్యాసంతో మాట్లాడాను మేడమ్."

"ఏం అడిగావ్?"

"ఏం వదిలేశావని."

చైత్రిక చేతిలోని టీ కప్పు కింద పెట్టింది. "ఆ ప్రశ్న నీకెవరు చెప్పారు?"

"కోదండపాణిగారే. రైతు సంఘం వాళ్ల చిన్న బులెటిన్లో ఆయన సవరణ వ్యాసం ఒకటుంది. తన పాత వ్యాసం తప్పని ఒప్పుకుని, సువర్చలగారికి క్షమాపణ చెప్పుకున్నారు. మీ చేరికకి చాలా ముందుదే అది. మీరు తిట్టారు గానీ ఎలా చదవాలో చెప్పలేదు కదా. అందుకని ఆ సవరణలోని గొంతునే అడిగాను. విసుక్కోకుండా అన్నీ చెప్పింది."

"మరి నా గొంతేం చెప్పింది?"

"ఆ సవరణని చూశానంది. అది పెడితే ఆయన బతికిపోతాడని వదిలేశానంది. చాలా హాయిగా ఉందంటూ నవ్వింది కూడా. ఆ మాటలన్నీ నా సమీక్షలో పెట్టేశాను."

చైత్రిక రెండేళ్ల కిందట తనూ ఒక సవరణ రాసుకుంది. చేసింది ఒప్పుకుని, పోయినాయన్ని క్షమించమని అడిగి, ఎవరూ చదవని ఒక మూల పత్రికలో వేయించి ఊపిరి పీల్చుకుంది.

"నేను రాసినవి అన్నీ చూశావా?" అని అడిగింది.

"అన్నీ చూశాను మేడమ్," అంది వైజయంతి, కళ్లలోకి సూటిగా చూస్తూ.

ఆ చూపు చైత్రికకు బాగా తెలుసు.

"అయితే ఏం వదిలేశావ్?"

వైజయంతి మొదటిసారి నవ్వింది.

"అది నా వ్యాసాన్ని అడగాలి మేడమ్."