ఒర్తెన్సియా ఊపిరి

"మా నానమ్మ ఊపిరి తీసేసింది మీరేనా?"

పొద్దున్నే ఒక అమ్మాయి తలుపు తోసుకొచ్చి ఇలా అడిగితే ఎవరికైనా ఏమవుతుంది? గాస్పర్ తాగుతున్న మాతే కషాయం ముక్కులోకి ఎక్కింది. మోంతెవిదేయో రేడియోలో పాత టేపులు శుభ్రం చేసే ఉద్యోగం అతనిది. చీమకు కూడా హాని చేసి ఎరగడు పాపం.

"మీ నానమ్మ ఎవరండీ?"

"ఒర్తెన్సియా గారు. నిన్న మధ్యాహ్నం మీ రేడియోలో వచ్చిన పియానో ఆవిడదే."

గాస్పర్ మొహం వెలిగింది. ఆ టేపు మీద మూడు వారాలు తిండీ నిద్రా మాని కూర్చున్నాడు మరి. "బాగుందా?" అని అడిగాడు, బుద్ధిలేక.

"ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. ఆ రికార్డు ఎప్పుడొచ్చినా మా తాతయ్య రేడియోకి చెవి ఆనించి కూర్చుంటాడు. మధ్యమధ్యలో ఆవిడ ఊపిరి వినిపిస్తుందని. నిన్న చివరిదాకా విని, 'ఈవిడెవరో నాకు తెలీదు' అని కట్టేశాడు. అప్పట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు."

గాస్పర్‌కి గుర్తొచ్చింది. నిజమే. ఏదో గస వినిపిస్తే, దుమ్ము చప్పుడుతో పాటు దాన్నీ ఊడ్చేశాడు.

"పాత టేపు మళ్లీ వెయ్యండి," అందామె.

"శుభ్రం చెయ్యడానికి ఎక్కించినప్పుడే అది ఆఖరిసారి తిరిగిందండీ. తిరుగుతూనే పొట్టులా రాలిపోయింది."

ఆమె కుర్చీలో కూలబడింది. నోయేలియా అట పేరు. కోపం దిగిపోయాక ఆ కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. గాస్పర్ చూడాల్సినదానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఆగండాగండి. తీసేసిన చప్పుళ్లన్నీ విడిగా దాస్తాం. పొరపాటున సంగీతం కూడా పోయిందేమో వినాలి కదా, మా పనిలో అది రివాజు."

"మరి విన్నారా?"

"పియానో ఉందేమోనని విన్నాను. లేదు. సరే అని వదిలేశాను."

"మనుషులున్నారేమోనని వినలేదన్నమాట."

గాస్పర్ ఆ చప్పుళ్ల ఫైలు తెరిచాడు. హెడ్‌ఫోన్లు ఆమెకో జత ఇచ్చి, తనో జత పెట్టుకున్నాడు. బరబర, చిటపట, మధ్యలో ఒక ఊపిరి. మళ్లీ ఇంకోటి. నోయేలియా మొహం విప్పారింది. గాస్పర్ మొహం మాత్రం పాలిపోయింది.

"ఆవిడ బెంచీ కిర్రుమన్నది రెండు చెవుల్లోనూ సమానంగా," అన్నాడు నెమ్మదిగా. "కాగితం చప్పుడు ఎడమ చెవిలో. ఊపిరీ ఎడమ చెవిలోనే. ఆవిడ వాయిస్తుంటే పక్కన నిలబడి పేజీలు తిప్పిందెవరండీ?"

నోయేలియా హెడ్‌ఫోన్లు తీసేసింది.

"తాతయ్య," అంది. "ఇన్నేళ్లూ తన ఊపిరే తను విన్నాడా? చూడండి, ఈ మాట మా ఇంట్లో ఎత్తారంటే మీ ఊపిరి నేను తీస్తాను."

ఆ చప్పుళ్లు ఫోన్‌కి పంపితే పోయేది కదా అంటారా? అది గాస్పర్‌నే అడగాలి. చప్పుళ్లు తన ఫోన్లోకి ఎక్కించుకుని, హెడ్‌ఫోన్లు మెడకేసుకుని మరీ ఆమె వెంట బయల్దేరాడు.

తాతయ్య ఎవారిస్తో కిటికీ పక్కన ముభావంగా కూర్చుని ఉన్నాడు. ఆయన ఎరిగింది చప్పుళ్లన్నీ ఒక్కచోటి నుంచే వచ్చే పాత రేడియోనే. చెవులకి రెండు వైపులా తగిలించుకోవడం ఇదే మొదలు. కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు.

"ఇది నేనే," అన్నాడు, ఎడమ చెవి తడుముకుంటూ.

నోయేలియా గాస్పర్ వైపు ఉరిమి చూసింది. నేనేం అనలేదు మొర్రో అన్నట్టు చేతులెత్తాడతను.

"అప్పుడు నేను హాల్లో టిక్కెట్లు చింపేవాణ్ణి. ఆమె పక్కన నిలబడాలని, సంగీతం నోట్స్ చదవడం వచ్చని అబద్ధం చెప్పాను. పేజీ ఎప్పుడు తిప్పాలో తెలిసి చస్తేగా. ఆమె తల ఊపేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, ఊపగానే ఒక్కసారిగా వదిలేవాణ్ణి." ఆయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అయితే ఆమెది ఏమీ మిగల్లేదన్నమాట."

ఆ ముసలాయన మొహం చూసి గాస్పర్ మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. చివర్లో తను వినకుండా కోసేసిన ముక్క కూడా పెట్టాడు. పియానో ఆగాక మిగిలిన ఖాళీ అది. చప్పుడు గదిలోకే వదిలాడు.

దూరమవుతున్న అడుగులు. తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఒక ఆడగొంతు, రికార్డు చేసేవాళ్లతో కాబోలు, నవ్వుతూ:

"వెళ్లాడా? పాపం, నోట్స్ చదవడం రాదు. మొదటి పేజీకే తెలిసిపోయింది. నాకు తెలుసని మాత్రం చెప్పకండి, సిగ్గుపడి రావడం మానేస్తాడు. అతను పక్కన లేకపోతే నాకు వాయించబుద్ధి కాదు."

 తాతయ్య ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో గాస్పర్‌కి అర్థం కాలేదు.

"యాభై మూడేళ్ల కాపురం," అన్నాడాయన. "నిజం తెలిస్తే వదిలేస్తుందేమోనని ఒక్కరోజూ చెప్పలేదు. దొంగది, ఎంత గుంభనంగా ఉంది చూడు. అమ్మాయ్, ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు."

నోయేలియా కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లబోయి, గుమ్మం దగ్గరే ఆగింది. వెనక్కి తిరిగి గాస్పర్‌ని చూసింది.

"శుక్రవారం నా పియానో కచేరీ ఉంది. పేజీలు తిప్పడానికి మనిషి కావాలి. నోట్స్ చదవడం వచ్చా?"

వచ్చనాలని నాలుక చివరిదాకా వచ్చింది. తాతయ్య కూడా తలెత్తి చూస్తున్నాడు.

"రాదండీ," అన్నాడు గాస్పర్. "అయినా వస్తాను."

"అండీ గిండీ ఎందుకు," అంది నోయేలియా. "నేను తల ఊపుతాలే. నువ్వు ఊపిరి మాత్రం మర్చిపోకుండా పీల్చుకో."