నల్ల పలక మీద తెల్ల పూత

ఆయన కడుపుమంటకు కారణం ఒక్కడే, సొంత బావమరిది. వాణ్ణి అందరూ ఫ్లెక్సీ అంటారు. బోర్డులు రాసే బావ కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఫ్లెక్సీలు అచ్చేసే యంత్రం దించాడు. ఏడాది తిరక్కముందే కుంచెల డబ్బాకు బూజు, కొట్టుకు తాళం. ఆరేళ్ళయినా పొద్దున్నే టీ తాగుతూ వాణ్ణి నాలుగు తిట్టకపోతే ఆయనకు తెల్లారినట్టే ఉండదు.

మళ్ళీ కొట్టు తెరిస్తే పేరు రాసుకుందామని నల్ల ఎనామిల్ వేసిన చెక్క పలక ఒకటి బీరువా వెనక దాచుకున్నాడు. ఆ ఉదయం అది వసారాలో గోడకు ఆనించి ఉంది. దాని నిండా తెల్లటి మచ్చలు.

బోర్డులవాళ్ళకు తెలుపంటే ఒకటే అర్థం. కొట్టు ఎత్తేశారు, పాత పేరు చెరిపెయ్యమని. ఎందరి పేర్లనో ఆయనే అలా చెరిపాడు. ఇప్పుడు తన పలక మీదే! నిన్న సాయంత్రం వచ్చిపోయిన ఫ్లెక్సీ గాడి వెటకారమే అనుకున్నాడు. పళ్ళు నూరుతూ రోలర్ తీసి మొత్తం నల్లగా చేసేశాడు.

గోడ పగుల్లో మొలిచిన, ఈకల్లాంటి ఆకుల ఫెర్న్ కొమ్మ పట్టుకుని వచ్చిన కూతురు, పలక చూసి కూలబడింది.

"నా ఆకులేవి నాన్నా?"

"ఆకులేంటే? ఎవడో తెల్లరంగు కొట్టిపోయాడు."

"అది నేనే! నీకు తెలీకుండా ఇరవై రోజులు చేసిన పని! ఆదివారం మొక్కల తోట హాల్లో ప్రదర్శనకు పెట్టాలి. నల్ల పలక మీద వేసిన మొక్కల బొమ్మలే తీసుకుంటారు."

"నన్నడక్కుండా నా బోర్డెందుకు ముట్టుకున్నావు?"

"నేనే ఇచ్చా," వంటగదిలోంచి భార్య అంది. "ఆరేళ్ళుగా దాని వెనక బొద్దింకలు కాపురం చేస్తున్నాయి. పిల్లకిస్తే అరిగిపోద్దా?"

"తెల్లాకులు ఎక్కడైనా ఉంటాయా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. "నల్ల మీద పచ్చ నేరుగా పెడితే చచ్చిపోద్దని చెప్పిందెవరు? ముందు తెలుపు పరిచి, దాని మీద రంగెయ్యాలని ఏడేళ్ళప్పుడే నాతో నిచ్చెన పట్టించి మరీ నేర్పావుగా నాన్నా!"

 ఆయన చేతిలోని రోలర్ నుంచి నలుపు చుక్కలుగా పాదం మీద పడుతోంది.

రోలర్ పక్కన పెట్టి, వెళ్ళి కుంచెల డబ్బా తెచ్చాడు. బూజు దులిపి, గట్టిపడ్డ కుంచెను కిరసనాయిల్లో నానేశాడు.

"సాయంత్రానికి నలుపు ఆరుద్ది. ఆ కొమ్మ ఇటియ్యి. ఈనె ఒక్క ఊపిరిలో లాగాలమ్మడూ, అక్షరం గీతలాగే. ఆకులు నువ్వు చూసుకో."

మూడు రోజులు తండ్రి ఈనెలు లాగాడు, కూతురు ఆకులు పరిచింది. తెలుపు మీద పచ్చ పడ్డప్పుడల్లా చీకట్లో దీపం పెట్టినట్టు ఒక్కో ఆకు లేచింది.

ఆదివారం పొద్దున పలకను హాలుకు చేర్చడానికి వ్యాను తెచ్చిన ఫ్లెక్సీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బావా, ఇది నా యంత్రం వల్ల కాదు."

"దానికి ఊపిరి బిగబట్టడం రాదురా," అన్నాడాయన. వాణ్ణి అనవసరంగా అనుమానించిన సంగతి గుర్తొచ్చి, "టీ తాగి పో," అని కూడా అన్నాడు.

"మరి కొట్టు తెరిస్తే పేరు దేని మీద రాస్తావు?"

ఆయన పలక వైపు చూశాడు. అంచు నుంచి అంచు దాకా ఆకులే. కళ్ళు చెమర్చాయి, మీసం కింద నవ్వు ఆగలేదు.

"పోయిందిరా నా బోర్డు. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. అంగుళం మిగల్లేదు."