తొమ్మిదో నంబరు ఫ్లాటు సంతకం

శుక్రవారం ఉదయం ఫ్రీమాంట్‌లోని సికమోర్ కోర్ట్ నివాసుల సంఘం సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: సంఘాధ్యక్షులైన విశ్రాంత సివిల్ ఇంజనీరు మూర్తిగారు, స్థల యజమాని తరఫు న్యాయవాది మిస్ కార్టర్, ఎనిమిదో నంబరు ఫ్లాటు యజమానురాలు ప్రమోదగారు, ఆమె కుమార్తె, సంఘ కార్యదర్శి కూడా అయిన రచన, మిగతా ఫ్లాట్లవారు. పదకొండు దాటిన నాలుగు నిమిషాలకు, ఒక భుజం పూర్తిగా తడిసి, తొమ్మిదో నంబరు అనూప్.

రచన అనుమానమంతా ఆ చివరి వ్యక్తి మీదే.

భవనం నివాసులదే కాని, దాని కింది నేల వారిది కాదు. అరవై ఐదేళ్ళ లీజులో పంతొమ్మిదేళ్ళే మిగిలాయి. గడువు తీరితే ఫ్లాట్లు కూడా స్థల యజమానికే చెందుతాయి. అటువంటి ఇంటి మీద బ్యాంకులు అప్పివ్వవు. కొనేవారు దొరకడం కష్టం. ప్రమోదగారికి ఆ ఇల్లు తప్ప వేరే ఆస్తి లేదు. ఇప్పుడు యజమాని మరో నలభై ఏళ్ళు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే: పన్నెండు ఫ్లాట్లవారూ సంతకం చేయాలి, ఈ రోజుతో గడువు సరి. పదకొండు ఇళ్ళవారు సిద్ధం. అనూప్ మాత్రం ఆరు వారాలుగా "చూద్దాం" అంటున్నాడు.

"సారీ అంకుల్, ఫ్రీవే అంతా జామ్."

మూర్తిగారు గడియారం వంక చూశారు. "ఏమయ్యా, రాహుకాలం వచ్చేసింది. పన్నెండుంబావు దాకా ఎవరూ కలం ముట్టరు."

"ఇండియా రాహుకాలమా, కాలిఫోర్నియాదా అంకుల్?"

"ఫ్రీమాంట్ సూర్యోదయాన్ని బట్టి లెక్క కట్టాను. వేళాకోళం వద్దు."

అనూప్ కావాలనే ఆలస్యం చేశాడని రచనకు తోచింది. టెక్సస్‌లోని ప్లేనోలో ఉద్యోగం కుదిరిందనీ, లీజు పొడిగిస్తే ఫ్లాటు కొనడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడనీ అతడే చెప్పాడు. వెళ్ళిపోయేవాడికి సంతకానికి అడ్డేమిటి? పైగా ఆమధ్య తమ భోజనాల బల్ల దగ్గర, అమ్మ దాచిన పాత లీజు కాగితాలకు ఫోన్‌తో ఫోటోలు తీస్తూ ఆమె కంటబడ్డాడు. పొడిగింపు చెడగొట్టడానికి స్థల యజమాని పెట్టిన మనిషేమో. ఇంత అనుమానంలోనూ, సాయంత్రం గ్యారేజీలో అతడి కారు చప్పుడు వినబడేదాకా తన చెవులు అటే ఉండటం ఆమెకు మరింత కోపం తెప్పించేది.

వరండాలో అతడిని నిలదీసింది. బయట వాన సన్నగా, తీరుబడిగా కురుస్తోంది.

"అమ్మ దగ్గర పేపర్లకి ఫోటోలు ఎందుకు తీసుకున్నారు?"

"ఆంటీయే ఇచ్చారు."

"పులిహోర రెండోసారి వడ్డించుకుంటే చాలు, మా అమ్మ ఏమడిగినా ఇచ్చేస్తుంది."

"నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. అందుకే మొత్తం కట్టంతా చూపించారు."

వచ్చిన నవ్వును రచన పెదవుల దగ్గరే ఆపింది. "జోక్స్ తర్వాత. మీరు ఎవరి తరఫున పని చేస్తున్నారు?"

అనూప్ కోటు లోపలినుంచి ఒక కవరు తీశాడు. దాని మీద చుక్క నీరు పడలేదు. "ఓక్లాండ్ వెళ్ళాను, భూమి రికార్డులుండే కౌంటీ ఆఫీస్‌కి. పాత లీజు సర్టిఫైడ్ కాపీ ఇవాళ పదింటికి చేతికొచ్చింది. చదవండి."

ఆమె చదివింది. నివాసులు ఒక్కసారి లిఖితపూర్వకంగా అడిగితే చాలు, యజమాని అదే అద్దెకు మరో ముప్పై ఏళ్ళు లీజు ఇచ్చితీరాలి.

"కొత్త అగ్రిమెంట్‌లో పాత హక్కులన్నీ క్యాన్సిల్," అన్నాడు అనూప్. "నేల అద్దె ఐదేళ్ళకోసారి మార్కెట్ రేటుకి పెరుగుతుంది. ఆంటీ లాంటివాళ్ళు ఎలా కడతారు?"

"ఆరు వారాలుగా ఎందుకు చెప్పలేదు?"

"ఆంటీ కాపీలో సంతకాల పేజీ లేదు. ఆ లీజు కౌంటీలో రికార్డ్ అయిందో లేదో తెలీకుండా అందరినీ కంగారు పెట్టడం ఎందుకని. పైగా మీరు తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడతారు."

రచన తల దించుకుంది. అయినా ఒక అనుమానం మిగిలే ఉంది.

"మరి మీ బయ్యర్?"

"సోమవారం వెళ్ళిపోయాడు. నేను సైన్ చేయకపోతే అతను కొనడు కదా."

"ప్లేనో జాబ్?"

"నో చెప్పేశాను. అక్కడ పక్క ఫ్లాట్‌లో మీరుండరు." అతడు వాన వైపు చూస్తూ అన్నాడు. "దీన్ని కూడా అనుమానించాలంటే మీ ఇష్టం. దీనికి మాత్రం సర్టిఫైడ్ కాపీ లేదు."

"అక్కర్లేదు." ఆమే మళ్ళీ అంది. "సాయంత్రం మీ కారు వచ్చేదాకా నేను గ్యారేజీ వైపు కిటికీ మూయను. ఎందుకని అడగొద్దు."

"అడగను."

"అడగండి."

పన్నెండుంబావుకు మూర్తిగారు ఆ పత్రాన్ని రెండుసార్లు చదివారు. కొత్త ఒప్పందాన్ని మడిచి మిస్ కార్టర్ ముందుంచి, ఎవరూ సంతకం చేయడం లేదని చక్కని ఇంగ్లీషులో తెలియజేశారు. పాత లీజు ప్రకారం పొడిగింపు కోరుతూ లేఖ రాయించి, తొలి సంతకం తానే చేసి, మిగతావారి చేతా చేయించారు. కౌంటీ ముద్రను పరిశీలించిన న్యాయవాది, లేఖ అందినట్లు రాసిచ్చి సెలవు తీసుకున్నది.

ప్రమోదగారు కూతురి చెవిలో అన్నారు: "ఆ అబ్బాయిని భోజనానికి తీసుకురా."

"అమ్మా, మీటింగ్ మినిట్స్ రాయాలి."

"రాశాకే. ఇవాళొక్క రోజే కాదు, రోజూ రమ్మను. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

రచన ఎర్రబడిన ముఖంతో ఆనాటి తీర్మానం పూర్తి చేసింది:

"తొమ్మిదో నంబరు ఫ్లాటు యజమాని శ్రీ అనూప్, తన అమ్మకం చేజారుతున్నా లెక్కచేయక, పన్నెండు కుటుంబాల హక్కు నిలబడేందుకు ఆరు వారాలపాటు తన సంతకాన్ని నిలిపి ఉంచారు. ఆ కాలమంతా నిందను మౌనంగా భరించారు. ఆ నిందలో అధిక భాగం ఈ కార్యదర్శి మోపినదే. వారు చేసిన ఈ మేలును సంఘం సగౌరవంగా, కృతజ్ఞతాపూర్వకంగా గుర్తిస్తున్నది."